ఇసుక ప్రయాణికులు

"వాటర్ టాక్సీ రేపు ట్రయల్‌కి దిగుతోంది. డిజైన్ చేసిన మాస్టారు అందులోనే ఉంటారు," అన్నాడు చీఫ్. "చప్పుడు చెయ్యని ఆ మోటారు ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. విదేశీ ముఠాకి మోటారు దొరకలేదు. ఇక ఆ బుర్రే ఉండకూడదంటోంది."

"లోపల వాళ్ళ మనిషెవరు సార్?" అడిగాడు ఏజెంట్ పిల్లి.

"సీట్లు, రంగులు చూసే మేడమ్. డబుల్ ఏజెంట్. మనకీ కబుర్లు అమ్ముతుంది, వాళ్ళకీ అమ్ముతుంది. కళ్ళల్లో వత్తులేసుకుని చూడు."

మర్నాడు ఏజెంట్ పిల్లి అంటించుకున్న గడ్డంతో, సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ వేషంలో పడవెక్కాడు. జేబులో పెన్ను, పెన్నులో తూటా. అనుమానం అతనికి ఉద్యోగంతో పాటు వచ్చిన జబ్బు. పాపం మాస్టారు ఆప్యాయంగా టీ ఇస్తే, దాన్నీ వాసన చూసి గానీ తాగలేదు.

మొదటి ట్రయల్‌లో ప్రయాణికులుండరు. సీటుకో ఇసుక మూట, ఒక్కోటీ మనిషంత బరువు. రెండువైపులా సమానంగా తూచి కూర్చోబెడతారు. మధ్యలో తాడుకి వేలాడే ఇనుప గుండు తన గుర్తు మీద నిలిస్తే, పడవ ఎటూ ఒరగనట్టు లెక్క.

బయల్దేరే ముందు విదేశీ పెట్టుబడిదారు కడుపునొప్పంటూ దిగిపోయాడు. మేడమ్ నవ్వుతూ చెయ్యి ఊపింది. ఆ నవ్వు పిల్లికి నచ్చలేదు.

నడి నీళ్ళలోకి వచ్చాక చూస్తే గుండు గుర్తు దాటి ఎడమకి జరిగి ఉంది.

"నిన్న నేనే తూచానయ్యా! అప్పుడు కదల్లేదే!" అంటూ మాస్టారు ఎడమవైపు మూటలు తడిమాడు.

మేడమ్ ముఖం పాలిపోయింది. ఆమె కుడివైపుకి పరిగెత్తి, మూటలు ఒక్కోటీ కుదిపి చూడసాగింది.

పిల్లి పెన్ను గురిపెట్టాడు. "కదిలితే కాలుస్తా. అక్కడేం పని నీకు?"

"ఎడమ బరువెక్కలేదు, కుడివైపు తేలికైంది. ఎవరో మూట మార్చేశారు. ఇదిగో, ఇది ఇసుక కాదు!" ఆమె ఆ మూట ఒక కొస పట్టి గుండెలకి లాక్కుంది. "మోటారు ఆపేస్తామనే చెప్పారు నాకు. వాడు దిగిపోయాడు, నన్ను దిగమనలేదు."

మూటలోంచి టిక్ టిక్‌మని వినిపిస్తోంది. ఇదీ నాటకమేనా? దగ్గరికెళ్తే తనని నీళ్ళలోకి తోస్తుందా? పిల్లికి నిజంగానే భయమేసింది.

"కాలిస్తే తొందరగా కాల్చు. లేదా రెండో కొస పట్టు, నా ఒక్కదాని వల్ల కాదు!"

బాంబుని గుండెలకి హత్తుకుని అబద్ధమాడేవాళ్ళు అరుదు. అతను పెన్ను పళ్ళ మధ్య కరిచిపట్టి రెండో కొస అందుకున్నాడు. ఇద్దరూ ఊపి విసిరారు. మూట మునిగిందో లేదో నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. పడవ అటూ ఇటూ ఊగి నిలదొక్కుకుంది. మాస్టారు క్షేమం. కడుపునొప్పి పెద్దమనిషిని రేవులోనే పట్టుకున్నారని రేడియోలో కబురొచ్చింది.

తడిసి ఊడిన గడ్డాన్ని పిండుకుంటూ పిల్లి అడిగాడు. "చివరికి మా వైపే వచ్చావు. దేశభక్తా, మాస్టారి మీద జాలా?"

మేడమ్ జుట్టు విదిలించుకుంది.

"రెండూ కాదు. పడవలో నేనూ ఉన్నాగా!"