బూజుకు ఆకలేసే వేళ

“ఏజెంటు గారూ, వేషం అదిరింది. నిన్నటిదాకా నేనూ నమ్మేశాను. సీసాలు కడగడం కూడా బాగానే నేర్చారు.”

స్పీకర్‌లో డాక్టరమ్మ నవ్వింది. వెనక ఉక్కు తలుపు లాక్ పడింది. లోపలివైపు పిడి లేదు. ఆరు నెలలుగా నిఘా డిపార్ట్‌మెంట్‌కు రహస్యాలు మోసిన ఈ ఎర్ర లిప్‌స్టిక్ అందగత్తె విదేశీ ముఠా మనిషన్నమాట. నిలువునా ముంచింది!

అడుగు చప్పుడు కాదని ఆ ఏజెంటుకు పిల్లి అని మారుపేరు. తీరా బోనులో పడింది ఆ పిల్లే.

ల్యాబ్ గది మధ్యలో స్టీలు ట్యాంకు, అందులో బూజు. దాని ఎంజైమ్ గింజల పొట్టును కరిగించేస్తుంది. ఎంజైమ్ మీటర్ వందకు చేరితే వాల్వ్ దానంతటదే తెరుచుకుని, పక్కనున్న ధాన్యం గోదాముల్లో ఆ ద్రవాన్ని చిమ్ముతుంది. దేశమంతటికీ ఏడాది తిండి మట్టిపాలు. మీటర్ తొంభై మూడు చూపిస్తోంది. చీఫ్ మనుషులు రావడానికి ఇంకో అరగంట పడుతుంది. వైర్లూ స్విచ్‌లూ అన్నీ గోడ అవతలే.

పిల్లికి చెమటలు పట్టాయి. భయమొక్కటే కాదు, షుగర్ పడిపోతోంది. పొద్దున భార్య జేబులో కుక్కిన గ్లూకోజ్ ప్యాకెట్ చింపి నోటిదాకా తెచ్చి, ఆగిపోయాడు.

సీసాలు కడిగేవాడికేం తెలుస్తుందిలే అని నిన్న డాక్టరమ్మ గొప్పలు పోయింది. “చూడవయ్యా, గ్లూకోజ్ ఉన్నంతసేపూ ఇది హాయిగా తిని పెరుగుతుంది. ఎంజైమ్ జీన్ పడుకునే ఉంటుంది. అది అయిపోయిందా, జీన్ లేచి పని మొదలెడుతుంది.”

మీటర్ తొంభై ఆరుకు చేరింది.

“ఛీ, నా బతుకు! బూజుకు పెట్టి నేను పస్తుండాలా?” అంటూనే ట్యాంకు మీది మూత తిప్పి ప్యాకెట్ మొత్తం ఒంపేశాడు.

తొంభై ఏడు. తొంభై ఎనిమిది. కళ్ళు బైర్లు కమ్మాయి. తొంభై తొమ్మిది. ఇంటావిడ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. గోడకు జారబడి చూస్తూ ఉండిపోయాడు. అంకె ఇక కదల్లేదు.

“ఏమైంది దీనికి? ఏం చేశావురా?” స్పీకర్‌లో అరుపు.

“భోంచేస్తోందండీ. కాసేపు లేపకండి.”

తలుపు బద్దలుకొట్టి వచ్చిన చీఫ్, మొదట పిల్లి నోట్లో పంచదార పోశాడు. బయట డాక్టరమ్మకు అప్పటికే బేడీలు పడ్డాయి. పిల్లి తేరుకునేసరికి ఫోన్ మోగింది.

“ఏవండీ, గ్లూకోజ్ ప్యాకెట్ ఇవాళైనా విప్పారా?”

“మొత్తం ఖాళీ.”

“హమ్మయ్య! ఇన్నాళ్ళకి నా మాట విన్నారు.”

తిన్నదెవరో చెబితే దేశ రహస్యం బయటపెట్టినట్టవుతుందని, పిల్లి నోరు మూసుకున్నాడు.