కోతులిస్తే కాలొస్తుందా?

తెల్లవారేసరికి పెరట్లో బోనులోని కోతులు కిచకిచలాడుతున్నాయి. శనివారం. ఆంజనేయస్వామికి దీపం పెట్టవలసిన హైమవతి పూజగది తలుపు మూసేసి గుమ్మంలో కూర్చుంది.

"లోపల ఆ స్వామిని, పెరట్లో బోనులో వీటిని పెట్టారు. ఏ మొహం పెట్టుకుని దీపం వెలిగించమంటారు?"

ఆమె భర్త పాండురంగారావు నూజివీడులో మామిడి వర్తకుడు. రెడ్డిగూడెం తోటలో కాయ మీద పడ్డ కోతులను వల వేసి పట్టించాడు. హైమవతి తమ్ముడు శేషగిరిరావు మద్రాసులో జంతువుల మీద మందులు పరీక్షించే డాక్టరు. పిల్లల కాళ్ళు చచ్చుబడే జబ్బుకు కోతుల మీద ప్రయోగాలు చేస్తున్నామని అతను ఒకసారి అన్నాడు. బావగారికి ఆ ఒక్క ముక్క చాలింది. ఆయన ఆరేళ్ళ కూతురు పుష్పావతికి నిరుడు జ్వరం వచ్చి కుడికాలు పడిపోయింది మరి.

"ఊరికే పట్టించానా? మన పిల్ల కోసం కాదూ? పైసా పుచ్చుకోకుండా ఇస్తున్నాను. మందు దొరకగానే మొదట మనకే ఇస్తాడు!" అని ఆయన గొంతు పెంచాడు. పిల్లకూ అదే చెప్పాడు, వచ్చే ఏడు తోటంతా పరిగెడతావని. వర్తకుడి బుర్ర కదా, ఇచ్చినదానికి వచ్చేది ఉండాలి.

అంతలో కోతులను తీసుకెళ్ళడానికి శేషగిరిరావు బండి కట్టించుకుని వచ్చాడు. కాళ్ళు కడుక్కోనివ్వకుండానే అక్క నిలదీసింది.

"నిజం చెప్పు తమ్ముడూ. వీటినేం చేస్తారు?"

"ముందు ఆ జబ్బు వీటికి తెప్పిస్తామక్కా. తర్వాత మందులిచ్చి చూస్తాం. కొన్నిటికి ఆపరేషన్లు కూడా."

"దాంతో మా పుష్ప కాలొస్తుందా?"

అతను తలదించుకున్నాడు. "రాదక్కా. మందు దొరికినా, అది రేపు జబ్బు పడబోయే పిల్లలకే."

"ఆ ముక్క అప్పుడే ఏడవొచ్చుగా!" పాండురంగారావు మండిపడ్డాడు.

"మీరు అడిగితేగా బావగారూ? సగం వినేసి వల కొనడానికి లేచారు."

పాండురంగారావు విసురుగా వెళ్ళి బోను గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. "ఒక్క కోతిని కూడా ఇవ్వను. పో!"

హైమవతి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు పుట్టుకొచ్చిందా జాలి? వీటిని వదిలేయమని నేను కాళ్ళావేళ్ళా పడ్డప్పుడు ఏమైందండీ? కాలు రాదని తెలిసేసరికి ధర్మం గుర్తొచ్చిందా? బేరం కుదరకపోతే సరుకు వెనక్కి లాక్కోడానికి ఇదేం మామిడికాయల మండీ కాదు!"

ఆమె తమ్ముడి వైపు తిరిగింది.

"తీసుకుపో. ఆ జ్వరం నేను చూశాను, ఇంకో తల్లి చూడకూడదు. అలాగని ఇందులో పాపం లేదని మాత్రం నాతో అనకు. మా పిల్ల పేరు దీనికి తగిలించకు." మళ్ళీ భర్తతో అంది. "మీరెళ్ళి పిల్లకి నిజం చెప్పండి. అబద్ధం చెప్పిన నోటితోనే చెప్పండి."

బండి వెళ్ళిపోయాక ఆయన కూతురి మంచం మీద కూర్చున్నాడు. ఏడాదిగా కన్నెత్తి చూడలేని ఆ సన్నటి కాలును ఒళ్ళోకి తీసుకున్నాడు.

"మందు రాదమ్మా. నీ కాలు ఇంతే. నేను అబద్ధం చెప్పాను."

"పరిగెడతానన్నావుగా! అన్నావుగా!" పుష్ప రెండు చేతులతో తండ్రి గుండెల మీద బాదింది. ఆయన అడ్డుకోలేదు. మందలించడానికి వచ్చిన హైమవతి, మొగుడి కళ్ళు చూసి, పక్కన కూలబడి ఇద్దరినీ పట్టుకుంది.

ఆ ఇంట్లో కాలు ఇక రాదన్న మాట పిల్ల ముందు అనడం అదే మొదలు. ముగ్గురూ ఒకచోట ఏడవడం కూడా.