పచ్చ దీపం కెమెరా

ఇలా రండి పిల్లలూ, దగ్గరగా జరిగి కూర్చోండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకి రండి. ఇది గట్టిగా చెప్పే కథ కాదు. ఇంకా జరగని కథ. మీరు పెద్దయ్యేసరికి జరగవచ్చు.

ఆ కాలంలో, సూళ్లూరుపేటకి అవతల సముద్రం వైపున ఒక కెమెరాల ఫ్యాక్టరీ ఉండేది. పెళ్ళిళ్ళలో తీసే కెమెరాలు కావవి, చాలా ఖరీదైనవి. వాటిని బిగించే హాల్లోకి పోవాలంటే ముందు గాలిగదిలో నిలబడాలి. నాలుగు వైపుల నుంచీ గాలి కొట్టి ఒంటిమీది దుమ్మంతా ఊడ్చేస్తుంది. ఆపైన మొహం తప్ప తల నుంచి కాళ్ళదాకా తెల్ల సూటు. పూలు పెట్టుకోకూడదు, పౌడర్ రాసుకోకూడదు. కంటికి కనబడని పౌడర్ రేణువు ఒకటి లెన్స్ మీద పడినా ఫోటోలో అది మచ్చవుతుంది.

ఆ హాల్లో పక్కపక్క బల్లల దగ్గర మస్తానమ్మ, చెంచులక్ష్మి కూర్చునేవాళ్ళు. ఇద్దరిదీ ఉప్పలదిబ్బ అనే ఊరు. మస్తానమ్మ పెద్దది. చెంచులక్ష్మికి పని నేర్పింది ఆవిడే.

ఏమిటా పని? కెమెరా కన్ను అంటే ఒక్క గాజు కాదు. గొట్టంలో ఒకదాని వెనక ఒకటిగా పేర్చిన గాజు బిళ్ళలు. ఒక్కో బిళ్ళనీ గాలి పీల్చే చిన్న పెన్నుతో ఎత్తి లోపలికి దించాలి. బిళ్ళకీ బిళ్ళకీ మధ్య వెంట్రుక కంటే సన్నని రింగు వెయ్యాలి. తరువాత గొట్టాన్ని తిప్పుతూ, దాని గుండా ఒక వెలుగు చుక్కని స్క్రీన్ మీద పడనివ్వాలి. బిళ్ళ నడిమధ్యన లేకపోతే చుక్క గిరగిరా తిరుగుతుంది. చిన్న స్క్రూలతో బిళ్ళని అటూ ఇటూ జరుపుతూ ఉంటే ఒకచోట చుక్క కదలకుండా నిలబడుతుంది. అప్పుడు జిగురు వేసి నీలం వెలుగు చూపిస్తే రాయిలా గట్టిపడుతుంది. ఇక దాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు.

"ఊపిరి బిగబట్టు మే. నువ్వు ఊపిరి వదిల్తే చుక్క కూడా వదుల్తుంది," అనేది మస్తానమ్మ.

ఒకరోజు హేమాద్రి అనే సైంటిస్టు కొత్త కెమెరా నమూనాతో ఆ హాల్లోకి వచ్చాడు. దాన్ని కనిపెట్టింది అతనే. బిగించేవాళ్ళకి అదేమిటో తెలియాలని అందరినీ పోగుచేసి చెప్పాడు.

"గుండె కొట్టుకున్నప్పుడల్లా మొహంలోకి రక్తం వస్తుంది, పోతుంది. అప్పుడు చర్మం రంగు రవ్వంత మారుతుంది. మన కంటికి ఆనదు, దీనికి ఆనుతుంది. ఆ రక్తం లయ తప్పుతుంటే, మనిషికి నొప్పి తెలియకముందే గుండె జబ్బుందని చెప్పేస్తుంది. జబ్బుంటే ఎర్ర దీపం. లేకపోతే పచ్చ దీపం. డాక్టరు లేని ఊళ్ళకి బస్సులో తీసుకుపోవచ్చు."

"మరి దానికి సరిగ్గా కనబడకపోతే ఏ దీపం సార్?" అడిగింది మస్తానమ్మ.

హేమాద్రి తడబడ్డాడు. "లోపం కనబడితేనే ఎర్రది. లేదంటే పచ్చదే. మూడో దీపం పెడదామన్నాను. 'నాకు తెలియడం లేదు' అనే కెమెరాని ఎవరు కొంటారని కంపెనీవాళ్ళు వద్దన్నారు."

"మా అత్త మాదిరన్నమాట! చచ్చినా తెలీదనదు," అంది మస్తానమ్మ. హాలంతా నవ్వింది. హేమాద్రి కూడా నవ్వాడు.

కానీ వాళ్ళు బిగించిన మొదటి కెమెరా ఏ ఊరికీ పోలేదు. మేనేజరు దాన్ని ఆ హాల్లోనే పైన వేలాడదీయించాడు. ఒంట్లో బాగాలేనివాళ్ళు బల్ల దగ్గర ఉంటే పని చెడుతుందన్నాడు. వారం తిరక్కముందే మస్తానమ్మ తలమీద ఎర్ర దీపం వెలిగింది. ఇక రావద్దన్నారు.

"నీ గుండె లయ తప్పుతుందంట," అని చెంచులక్ష్మి ఏడ్చింది.

"నా గుండెకేం రోగం? బండరాయి మాదిరుండాది. జీతం పెంచమని అడిగినోళ్ళలో నేనే ముందుండాను కదా, అదీ రోగం!" అంది మస్తానమ్మ. హాల్లో అందరూ అదే నమ్మారు. మనుషుల్ని తీసెయ్యడానికి దొరికిన సాకుగానే ఆ దీపాన్ని చూశారు. మస్తానమ్మ ఉప్పుమళ్ళలో కూలికి పోయింది.

తరువాత అలాంటి కెమెరాలు వందల్లో బిగించమన్నారు. ఎక్కడికి పోతాయో చెప్పలేదు. ప్రతి ఫ్యాక్టరీలోనూ, ప్రతి కూలి నెత్తినా వేలాడతాయనుకుంది చెంచులక్ష్మి. మిగతా ఆడవాళ్ళతో మాట్లాడింది. అందరూ ఒప్పుకున్నారు.

వాళ్ళు చేసింది చాలా చిన్న పని. చుక్క పూర్తిగా నిలబడకముందే, ఇంకా రవ్వంత వణుకుతుండగానే జిగురు వేసేశారు. ఫోటో బాగానే వచ్చేది. పరీక్ష పటం మీది గీతలు బాగానే కనబడేవి. కనబడనిదల్లా మొహంలో వచ్చిపోయే ఆ రవ్వంత రంగు. ఎవరిని ముందు కూర్చోబెట్టినా పచ్చ దీపమే.

ఆ కెమెరాలు ఏ ఫ్యాక్టరీకీ పోలేదు పిల్లలూ. బస్సులెక్కి, డాక్టర్లు లేని ఊళ్ళకి పోయాయి.

ఒక ఆదివారం మస్తానమ్మ గుమ్మంలో నుంచే కేకలు వేసుకుంటూ చెంచులక్ష్మి ఇంట్లోకి వచ్చింది. "లచ్చిమీ! మనూరికి గుండె బస్సొచ్చింది మే! నన్ను కూర్చోబెట్టి చూశారు. పచ్చ దీపం! ఆ మాట మీ మేనేజరు మొహాన కొట్టొస్తా, రేపే వస్తా పనికి!"

చెంచులక్ష్మి చేతిలో చేట కిందపడింది. "అక్కా, అది గుడ్డిది."

"ఏంది?"

"ఆ కెమెరా గుడ్డిది. మేమే గుడ్డిది చేసినాం. నీ మాదిరి ఇంకెవురి పనీ పోకూడదని చేసినాం. హాల్లో ఉండేదే సరైంది, దాన్ని చుక్క నిలబడినాకే బిగించినాం. నీ గుండె నిజంగానే బాగలేదక్కా. నెల్లూరు పోదాం, డాక్టరికి చూపిస్తా."

మస్తానమ్మ చెంగు నడుముకి దోపింది. "నా కూడు పోగొట్టింది నిజం చెప్పిందా? నన్ను బాగుండావన్నది అబద్ధమా? బాగుండాదే! నా బల్ల ఇప్పుడెవురికిచ్చారు మే? నీ చెల్లెలికే కదా? నేనొస్తే అది లేవాల్సొస్తుందనే కదా ఈ కథలు?"

"అక్కా, నా బిడ్డ మీద ఒట్టు."

"బిడ్డనెందుకు లాగుతావు పాపిష్టిదానా!" అని మస్తానమ్మ విసురుగా వెళ్ళిపోయింది.

మర్నాడు మేనేజరు ఆమెని గేటు దాటనివ్వలేదు. ఆమె మళ్ళీ ఉప్పుమళ్ళకే పోయింది.

చెంచులక్ష్మి హేమాద్రి దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పేసింది. పని పోతుందని తెలిసే చెప్పింది. హేమాద్రి తల పట్టుకున్నాడు. ఆ కెమెరాలన్నీ వెనక్కి రప్పించమని మేనేజరుని బతిమాలాడు.

"ఎందుకండీ? ఒక్క ఫిర్యాదు లేదు," అన్నాడు మేనేజరు. "ఎర్ర దీపాలు వెలిగి ఉంటే జనం బస్సుమీద రాళ్ళు వేసేవాళ్ళు. ఇవి పోయిన ఊళ్ళో టెంకాయలు కొడుతున్నారు. ఇంకా కావాలని ఆర్డర్లొచ్చాయి. ఆమెని కూడా తీసెయ్యను. అలాగే బిగించమనండి."

హేమాద్రి హాల్లోని అసలు కెమెరాని విప్పి సంచిలో పెట్టుకుని, చెంచులక్ష్మితో ఉప్పలదిబ్బకి పోయాడు. మస్తానమ్మ ఇంటి ముందు అరుగుమీద కూర్చుని ఉంది. ఊరు మూగింది.

"ఒక్క నిమిషం చూడనివ్వమ్మా," అన్నాడతను. "ఇప్పుడు తెలిస్తే మందులతో, చిన్న ఆపరేషన్‌తో బాగయ్యే జబ్బు."

"ఆ కన్ను నామీద పెట్టొద్దు," అని మస్తానమ్మ చెంగు లాగి మొహం కప్పుకుంది. ఎంత గొప్ప కెమెరా అయినా గుడ్డ వెనకున్న మొహాన్ని చూడలేదు. చెంచులక్ష్మి ఆమె కాళ్ళు పట్టుకుంది. చెంగు తొలగలేదు.

తరువాత కొద్దిరోజులకే, ఎండలో ఉప్పు గుట్ట పోస్తూ మస్తానమ్మ కూలిపోయింది. పక్కవాళ్ళు నీళ్ళు తెచ్చేలోపలే ప్రాణం పోయింది.

సమాధి దగ్గర చెంచులక్ష్మి గుండెలు బాదుకుంటూ, "నేనే చేసినాను, ఆ పచ్చ దీపం నేను చేసిన మోసం," అని అరిచింది. పిచ్చిపట్టిందనుకుని ఆడవాళ్ళు ఆమెని పక్కకి తీసుకుపోయారు.

ఊరు మాత్రం వేరే సంగతి తేల్చుకుంది. పచ్చ దీపం వెలిగిన మనిషి ఊరికే ఎట్లా పోతుంది? ఆ సైంటిస్టు ఇంకో కెమెరా తెచ్చి ఎదురుగా పెట్టిన దగ్గర్నుంచే కదా మస్తానమ్మ దిగులుపడింది! ఎర్ర దీపం కన్ను తగిలే పోయిందన్నారు. హేమాద్రి ఆ ఊరి ఛాయలకి వస్తే కాళ్ళు విరగ్గొడతామన్నారు.

కర్మాంతరం అయిన మర్నాడే గుండె బస్సు మళ్ళీ వచ్చింది. ఉప్పలదిబ్బ ఉప్పలదిబ్బంతా, చంటిపిల్లల్ని సైతం ఎత్తుకుని, దాని ముందు వరసలో నిలబడింది. ఒక్కొక్కరికీ పచ్చ దీపం వెలిగింది. ఒక్కొక్కరూ నవ్వుకుంటూ దిగిపోయారు.

అంతే పిల్లలూ. లేవండి, పలకలు మరిచిపోకండి. ఇళ్ళకి పోయి, అన్నం చల్లారకముందే తినండి.