లోపలి పోగు

తలుపు చప్పుడైంది. సహాయకుడు వెళ్ళి తీస్తే, మెట్టు మీదున్న అమ్మాయి తాను తట్టినందుకు తానే భయపడ్డట్టు వెనక్కి జరిగింది.

"అద్దాలాయన ఇల్లు ఇదేనా అండీ?"

"ఇదే. లోపలికి రండి."

ఊరంతా అద్దాలాయన అని పిలుచుకునే ప్రైవేటు డిటెక్టివు కిటికీ పక్కన కూర్చుని, చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. అమ్మాయి కుర్చీ చివర అంటీ ముట్టనట్టు కూర్చుంది. సహాయకుడికి పెళ్ళయి ఇంకా నెల తిరగలేదు. ఆ రోజుల్లో అతడి కంటికి లోకం మొత్తం ఉతికి ఆరేసినట్టు కనిపిస్తుండేది. ఈమె కూడా కొత్త కోడలేనని చూడగానే పోల్చుకున్నాడు. "ఆయన" అన్న మాట వచ్చిన ప్రతిసారీ ఆమె గొంతు ఒక్క క్షణం ఆగి, ఆ మాటను పదిలంగా పక్కన పెట్టి, అప్పుడు ముందుకు సాగుతోంది.

"మా ఆయన నది స్టీమరులో ఇంజను డ్రైవరండీ. ఎగువ రేవులకు వెళితే మళ్ళీ వారం దాటితే గానీ రారు. ఈమధ్య రెండుసార్లు స్టీమరు పొద్దున వెళ్ళి సాయంత్రానికే తిరిగొచ్చింది. ఇంజనులో గ్లాండు అనే మూత దగ్గర ఆవిరి కారిందట. ఇంజను చల్లారితే గానీ అక్కడ దూర్చే ప్యాకింగు తాడు మార్చడానికి వీల్లేదు కదా. అందుకని ఆ రెండు రాత్రులూ ఆయన ఇంట్లోనే ఉన్నారు." చివరి మాట నేలకు చెప్పినట్టు చెప్పింది. "నిన్న మూడోసారి. ఈసారి రాడ్డు కూడా పాడైంది. కావాలనే చేశాడని ఓనరు గారు ఆయన్ని రేవులోనే ఉంచేశారు. రేపు పోలీసులకు అప్పగిస్తారట. ఈయనేమో నోరు విప్పడం లేదు."

"ఆయన చేయలేదని మీకు నమ్మకం ఉందా?"

అమ్మాయి చాలాసేపు తన గోళ్ళకేసి చూసుకుంది.

"బయల్దేరే ముందు చెయ్యి పట్టుకుని, ఒక్కరోజు ఆగరూ అని అడిగానండీ. ఆ మాట పట్టుకుని ఆయన ఇంత పని చేశారేమోనని భయంగా ఉంది. ఇంట్లో అత్తయ్యగారికి ఇంకా చెప్పలేదు. ఇంజను పని మీద ఆగిపోయారని మాత్రం అన్నాను."

"ఆ ప్యాకింగు తాడు ఎక్కడ కొంటారు?"

"కొనరండీ, మా ఇంట్లోనే చేస్తారు. మామగారు కూడా ఇదే స్టీమరులో డ్రైవరు. అప్పట్నించీ అత్తయ్యగారే అల్లుతారు. పోగుల్ని కాగిన కొవ్వులో నానబెట్టడం నా పని. అల్లికలో మాత్రం నన్ను వేలు పెట్టనివ్వరు. నాకు జడ వేసుకోవడం తప్ప ఇంకో అల్లిక రాదు."

అద్దాలాయన లేచి గొడుగు అందుకున్నాడు.

"పద పెళ్ళికొడకా. ఈ పూట నీ భార్య నీకోసం ఎదురు చూడక తప్పదు."

"పొద్దున వచ్చేటప్పుడే చెప్పి వచ్చాను సార్."

"ఏమంది?"

"ఆలస్యమైతే రావద్దంది. గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది."

*

స్టీమరు రేవుకు కట్టేసి ఉంది. ఇంజను గదిలోకి ఇనుప నిచ్చెన దిగాలి. లోపల నూనె, బొగ్గు, చల్లారిన ఇనుము కలిసిన వాసన. ఓనరు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని ముందు దిగాడు. వెనకాల సరంగు దిగాడు. చుక్కాని పట్టి స్టీమరును నడిపే మనిషి అతడు. కుడిచేతికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. గుడ్డ అంచు దగ్గర, అరచేతి వెనక ఎర్రగా కాలిన చర్మం కనిపిస్తోంది.

"చేతికేమైంది?" అన్నాడు అద్దాలాయన.

"టీ ఒలికిందండీ."

"అరచేతి వెనక ఒలికిందే. గ్లాసు ఎలా పట్టుకున్నారు?"

సరంగు నవ్వబోయి మానేశాడు. "నేను పైనుండే మనిషినండీ. ఈ ఇంజను గదిలోకి దిగనే దిగను."

అద్దాలాయన సిలిండరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని సహాయకుణ్ణి దగ్గరికి పిలిచాడు.

"ఇదిగో, ఇది పిస్టన్ రాడ్డు. సిలిండరులోకీ బయటికీ ఆడుతూనే ఉంటుంది. ఆడాలంటే చుట్టూ కాస్త సందు ఉండాలి. సందుంటే ఆవిరి ఊరుకోదు. అందుకని రాడ్డు చుట్టూ కొవ్వులో నానిన నారతాడు చుట్లు చుట్లుగా దూర్చి, పైన ఈ ఇత్తడి మూత పెట్టి, రెండు నట్లతో అదుముతారు. ఈ మూతనే గ్లాండు అంటారు. నట్లు రెండూ సమానంగా బిగించాలి. ఆవిరి పోకుండా పట్టి ఉంచాలి, రాడ్డును మాత్రం ఆడనివ్వాలి."

"పెళ్ళిలా ఉందే సార్."

"నీకిప్పుడు గోడ మీద మేకు కూడా పెళ్ళిలాగే కనిపిస్తుంది. నట్లు చూడు."

సహాయకుడు వంగి చూశాడు. ఒక నట్టు బాగా లోపలికి దిగిపోయి ఉంది, రెండోది పైనే ఉంది. దిగిన నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయ్యాయి. మూత ఒక పక్కకు ఒరిగింది. రాడ్డుకు ఆ ఒరిగిన వైపే పొడుగునా గీత పడి ఉంది. రెండోవైపు రాడ్డు అద్దంలా మెరుస్తోంది. అతడు వేలితో తడిమి చూసి, ఆ నునుపుకు ముచ్చటపడి మళ్ళీ తడిమాడు.

డ్రైవరును తీసుకొచ్చారు. బక్కపల్చని మనిషి. మసి కడుక్కున్నాడు గానీ చెవుల వెనక మరిచిపోయాడు.

"ఈ నట్టు నువ్వే బిగించావా?"

"నేనే అనుకోండి."

"నీ స్పానర్ చూపించు."

చూపించాడు. అది నట్టుకు కొలిచి చేసినట్టు సరిపోయింది.

"ఇంత బాగా పట్టే స్పానర్ ఉండగా మూలలు ఎలా అరిగాయి?"

డ్రైవరు స్పానర్ వెనక్కి తీసుకున్నాడు.

ఓనరు మధ్యలో అందుకున్నాడు. "వీణ్ణి అడిగి లాభం లేదండీ. ఒరిగిన మూత సందులోంచి కాలిన తాడుముక్క పీకి, పనిముట్ల పెట్టెలో గుడ్డల కింద దాచాడు. తప్పు చేయనివాడికి దాచాల్సిన కర్మేమిటి?" అంటూ కాగితం పొట్లం అందించాడు.

అద్దాలాయన నల్లగా మాడిన తాడుముక్కను జేబుకత్తితో నిలువునా చీల్చి, పోగులు విడదీశాడు. పైపోగులు మాడినా, లోపలంటా జిడ్డుగానే ఉన్నాయి. వాటి నడుమ ఒక్క పోగు పొడిపొడిగా, పెళుసుగా ఉండి, వేళ్ళ మధ్య పిండిలా రాలిపోయింది.

"తాడు ఎవరు చేశారు?"

డ్రైవరు అప్పుడు మొదటిసారి తలెత్తాడు. "తాడుకూ దీనికీ సంబంధం లేదండీ. మా ఇంట్లోవాళ్ళ జోలికి వెళ్ళకండి. రేపటిదాకా ఎందుకు, పోలీసుల్ని ఇప్పుడే పిలవండి."

నిచ్చెన ఎక్కుతూ సహాయకుడు గుసగుసగా అన్నాడు. "భార్యను కాపాడుతున్నాడు సార్. పోగులు నానబెట్టేది ఆవిడేగా."

"కాపాడుతున్నాననే అతడూ అనుకుంటున్నాడు," అన్నాడు అద్దాలాయన.

*

డ్రైవరు ఇల్లు రేవు వెనక వీధిలోనే. రెండు గదులు. ముందు గదిలో గోడకున్న కొక్కేనికి పోగులు కట్టి, పెద్దావిడ బాసింపట్టు వేసుకుని తాడు అల్లుతోంది. వేళ్ళు వాటి పాటికి అవి ఆడుతున్నాయి. చూపు మాత్రం వచ్చినవాళ్ళ మీద ఉంది.

"ఎవరు బాబూ మీరు?"

"స్టీమరు పని మీద వచ్చామమ్మా. తాడు ఎలా అల్లుతారో చూద్దామని."

"చూడండి. చూసినంత మాత్రాన రాదులే." అప్పటికే ఇల్లు చేరి గుమ్మంలో నిలబడ్డ కోడలికేసి తిరిగింది. "వాళ్ళకు మంచినీళ్ళివ్వు. పొద్దస్తమానం ఆ గుమ్మం పట్టుకుని వేలాడితే అది నీతోపాటు ఊడొస్తుంది. వారం రోజులకే ఇంత దిగులైతే ఎలా? మీ మామగారి కోసం నేనూ ఇలాగే నిలబడి ఉంటే, ఈపాటికి పక్కింటి గుమ్మం కూడా అరువు తెచ్చుకోవలసి వచ్చేది."

కోడలు చిన్నగా నవ్వి లోపలికి వెళ్ళింది. ఆ నవ్వు చూసి అత్తగారి ముఖంలో ఏదో కదిలి సర్దుకుంది. సహాయకుడు అది గమనించాడు గానీ, ఏమిటో అర్థం కాలేదు.

"స్టీమరు మళ్ళీ వెనక్కొచ్చిందటగా," అన్నాడు అద్దాలాయన.

"వస్తే వచ్చింది. దాంతోపాటు మనుషులు కూడా వస్తారుగా."

"ఈసారి రాడ్డు గీరుకుపోయిందమ్మా."

ఆడుతున్న వేళ్ళు ఆగాయి.

"రాడ్డా? అదెందుకు గీరుకుంటుంది? బుస్సుమని ఆవిరి పోవాలి, అంతేగా."

"మీరు కూడా ఒకసారి వచ్చి చూడండమ్మా. కోడల్ని కూడా తీసుకుని రండి."

*

ఎండ తగ్గక ముందే అందరూ ఇంజను గదిలో చేరారు. చోటు ఇరుకు. ఓనరు బొగ్గుపెట్టె మీద కూర్చున్నాడు. సరంగు నిచ్చెన పక్కన నిలబడ్డాడు. డ్రైవరును చూడగానే అతడి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళిద్దరి మధ్యా ఉన్నది రెండడుగులే. ఇద్దరూ ఆ రెండడుగుల్ని నది వెడల్పుగా చూస్తున్నారని సహాయకుడికి అనిపించింది.

"ఇక్కడ జరిగినవి రెండు పనులు," అని మొదలుపెట్టాడు అద్దాలాయన. "ఒకటి స్టీమరును ఆపింది. ఇంకొకటి దాన్ని పాడుచేసింది. రెండూ చేసింది ఒక్కరే అనుకున్నందువల్లే ఇంత గందరగోళం. ముందు పాడైన సంగతి చూద్దాం. తప్పు తాడుదే అయితే రాడ్డు చుట్టూ గీతలు పడాలి. గీత ఒకవైపే ఉంది. ఎవరో ఒకే నట్టును బలంగా బిగించేశారు. మూత ఒరిగి, ఇత్తడి వెళ్ళి రాడ్డును కోసింది. డ్రైవరైనవాడు కలలో కూడా అలా బిగించడు. పైగా వాడింది కొలతకు సరిపోని స్పానర్. ఆవిరి చిమ్మే చోట చెయ్యి పెట్టి బిగిస్తే ఎక్కడ కాలుతుంది? అరచేతి వెనక. ఏం సరంగు గారూ, ఆ టీ ఎక్కడ ఒలికింది?"

సరంగు గుడ్డ చుట్టిన చేతిని వెనక్కి దాచుకున్నాడు. ఓనరు చూపు తప్పించుకోవడానికి ఆ గదిలో చోటు లేదు.

"మూడోసారి కూడా వెనక్కి తిప్పితే మీరు నన్ను బతకనివ్వరనిపించిందండీ," అన్నాడు చివరికి. "వీడు బాయిలరు మంట తగ్గించడానికి వెళ్ళాడు. ఆవిరి ఆగుతుందేమోనని నేను దిగి ఆ నట్టును ఒక్క పట్టు బిగించాను. ఇలా అవుతుందనుకోలేదు."

"నువ్వు చూశావా?" ఓనరు డ్రైవరును అడిగాడు. "చూసి కూడా చెప్పవేం?"

"చెబితే గ్లాండు విప్పుతారు, తాడు చూస్తారు," అన్నాడు అద్దాలాయన. "అందుకే చెప్పలేదు. తాడు లోపల పొడిపోగు ఉందని ఇతడు అప్పటికే చూసుకున్నాడు. పోగులు నానబెట్టేది భార్య. తనను ఇంట్లో ఉంచుకోవాలని ఆమే ఇలా చేసిందనుకున్నాడు. ఆమేమో, తను అడిగింది కాబట్టి భర్తే చేశాడనుకుంది. ఇద్దరిదీ పొరపాటే. ఆమె చేతికి వచ్చిన పోగులన్నీ నిండా నానాయి, నేను చూశాను. నానని పోగు అల్లేటప్పుడు నడుమ చేరింది. పైన కొవ్వు ఉన్నంతసేపూ ఇంజను హాయిగా నడుస్తుంది. అది కరిగిపోయాక లోపలి పోగు మాడి, ఆవిరికి దారిస్తుంది. అప్పటికి స్టీమరు రేవు దాటుతుంది గానీ మరీ దూరం పోదు. ఆ లెక్క తెలిసి ఆ పోగు పెట్టిన చేయి..."

"ఆగు బాబూ," అంది పెద్దావిడ. "నా నోటితో నన్నే చెప్పనివ్వు. పెట్టింది నేనే. అబ్బాయి మీదికి వస్తుందని తెలిసుంటే నిన్ననే వచ్చి చెప్పేదాన్ని."

"అమ్మా," అన్నాడు డ్రైవరు.

"ఉండరా. నువ్వు గడప దిగిన క్షణం నుంచీ ఈ పిల్ల అన్నం కంచం ముందు కూర్చుంటుంది గానీ తినదు. వీధిలో ఎవరి అడుగు వినిపించినా తల తిప్పుతుంది. పైకి నేను నాలుగు మాటలు అంటూనే ఉన్నాను. రాత్రి పడుకుంటే మాత్రం, ఆ తల తిప్పడమే నా కళ్ళ ముందు ఆడేది. ఒక్క రాత్రికి కాస్త ఆవిరి పోతే నదికేం నష్టం అనుకున్నాను."

ఓనరు చేతిరుమాలు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"నష్టం నదికి కాదమ్మా, నాకు. ఎగువ రేవుల్లో జనం సామాన్లతో గట్టు మీద కూర్చుని చూస్తుంటారు."

"నిజమే. వాళ్ళు కూడా ఎదురుచూస్తుంటారు. అది నాకు తట్టలేదు." ఆమె తల దించుకోలేదు. "నువ్వేం చేసినా పడతాను. వాడి పని మాత్రం తీయకు."

పలకలకు నీళ్ళు తగులుతున్న చప్పుడు వినిపించింది. ఓనరు లేచి ప్యాంటుకంటిన బొగ్గు దులుపుకున్నాడు.

"రాడ్డు విప్పి లేతు మిషను మీద పెట్టి నునుపు చేయించాలి. అది బాగయ్యేదాకా స్టీమరు కదలదు. డ్రైవరు దగ్గరుండి చూసుకుంటాడు. సరంగుతో తర్వాత మాట్లాడతాను. ఇకమీద తాడు మాత్రం బయటినుంచి తెప్పిస్తాను. మీ ఇంటి నుంచి వద్దు."

పెద్దావిడ చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి వాటికి పని లేకుండా పోయింది. "తెప్పించు," అంది.

*

అంతా గట్టు మీదికి వచ్చారు. డ్రైవరూ, అతడి భార్యా పక్కపక్కన నిలబడ్డారు. ఇంకా ముట్టుకోలేదు గానీ, ఇద్దరి నీడలూ అప్పుడే కలిసిపోయాయి. కోడలు అత్తగారి దగ్గరికి వచ్చి, వినీ వినపడనట్టు అడిగింది.

"మామయ్యగారున్నప్పుడు కూడా ఎప్పుడైనా ఇలా పెట్టారా అత్తయ్యా?"

"లేదు."

"ఒక్కసారి కూడానా?"

"తాడు చేతికిచ్చేటప్పుడు ఆయన ఏనాడూ విప్పి చూసేవారు కాదు. నా తాడంటే అంత నమ్మకం. అల్లుతుంటే ప్రతిసారీ అనిపించేది, ఈసారి ఒక్క పోగు పొడిది వేద్దామా అని. చెయ్యి వచ్చేది కాదు. అన్నీ నిండా నానబెట్టి, గట్టిగా అల్లి పంపించేదాన్ని. ఆ తాళ్ళతో స్టీమరు ఎప్పుడూ దారిలో ఆగలేదు." ఆమె ఎగువ వైపు చూసింది. "ఆయన పోయాక లెక్కేసుకుంటే, ఇంట్లో ఉన్న రోజులకంటే నదిలో ఉన్న రోజులే ఎక్కువ. ఒక్కసారైనా పెట్టి ఉండాల్సిందే అనిపిస్తుంది."

కోడలు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. పెద్దావిడ కాసేపు ఆ చేతిని ఉండనిచ్చి, మెల్లగా తీసి కొడుకు చేతిలో పెట్టింది.

"ఇంటికి నడవండి. పిల్ల నిన్నటినుంచీ తినలేదు. నేను కాసేపాగి వస్తాను."

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఆమె రేవు మెట్టు మీద కూర్చుంది. కదలని స్టీమరు పక్కనే, ఎగువ నుంచి పడవలు వచ్చే వైపు ముఖం పెట్టి కూర్చుంది. నది మీద ఏ పడవా లేదు.

సహాయకుడు ఏదో అడగబోయాడు. అద్దాలాయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఇంకేం పని లేదు. ఇంటికి వెళ్ళు."

అతడు నాలుగడుగులు నెమ్మదిగానే వేశాడు. ఆ తర్వాత వీధిలో ఎవరు చూసినా సరే అనుకుని పరుగెత్తాడు.