బాలింత మంచం కింద నిప్పులు

పొద్దున్నే లరాబా పెద్ద కుండలో వేపరొట్ట వేసి నీళ్లు మరగబెట్టింది. జారియా ఊళ్లో ఎడారి పొడిగాలి మొదలైంది. ఆ గాలి తగిలితే బాలింత ఒంట్లో చలి దూరుతుందని ఆవిడ భయం. అసలు ఆవిడకి భయం లేనిదేముంది? పసిపిల్ల తుమ్మితే భయం, తుమ్మకపోతే భయం. పెద్దకూతురు తొలికాన్పుకి వచ్చిన దగ్గర్నుంచీ కంటి నిండా నిద్రపోలేదు.

గదిలో మట్టి మంచం కింద నిప్పులు కణకణలాడుతున్నాయి. కూతురు రకియా మాత్రం మంచం మీద పడుకోకుండా, గోడకి ఆనుకుని కునికిపాట్లు పడుతోంది.

"అమ్మా, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడట్లేదు. ఎవరో గుండెల మీద కూర్చున్నట్టుంది."

"చలి పట్టడమంటే అదే. ఈ గంజి తాగు."

"మళ్లీ ఉప్పు గంజేనా? నాలుక పూసిపోయిందమ్మా."

"కన్వా ఉప్పు లోపలికి పోతేనే పాలు పడతాయి. మా అమ్మ నాకు పోసింది, వాళ్లమ్మ తనకి పోసింది. అందరం బతికిలేమా?"

"అమ్మమ్మ పోయిందిగా" అని నవ్వబోయి రకియా దగ్గులో పడిపోయింది.

"ఛీ, పొద్దున్నే ఏం మాటలే అవి!"

కూతురి పాదాలు వాచి, వేలితో నొక్కితే గుంటలు పడుతున్నాయి. చూడవచ్చిన ఆడవాళ్లు మాత్రం "ఒళ్లు చేసింది, నీ పెంపకం మంచిది లరాబా" అని మెచ్చుకుపోతున్నారు. ఇన్ని భయాల మధ్య ఆవిడకి కాస్త ధైర్యమిచ్చింది ఆ మెప్పే.

ఇంతలో అల్లుడు సనూసి వచ్చాడు. అత్తగారి ముఖం చూసి మాట్లాడటం మర్యాద కాదు కనుక గుమ్మం బయటే తలొంచుకుని నిలబడ్డాడు.

"అత్తా, రకియా వాపు, ఆయాసం సంగతి నిన్న డాక్టరమ్మకి చెప్పాను. వెంటనే తీసుకురమ్మంది. గుండెకి స్కానింగ్ తియ్యాలట."

"గుండెకా! అది ముసలాళ్ల జబ్బు. నా కూతురు నిన్న మొన్నటి పిల్ల."

"బాలింతలకీ వస్తుందట. కడుపుతో ఉండగా చివరి నెలలో ఆయాసపడినప్పుడే చూపించాల్సిందట."

"తొమ్మిదో నెలలో ఆయాసపడని ఆడది ఎవరయ్యా? నలభై రోజులు నిండకుండా గడప దాటిస్తే చలి పట్టి చచ్చిపోతుంది."

సనూసి ఉన్నట్టుండి తలెత్తాడు. "చలి పట్టి కాదు, మీ భయం పట్టి చచ్చిపోతుంది!"

లరాబా నిర్ఘాంతపోయింది. ఏ అల్లుడూ అత్త కళ్లలోకి చూసి అలా అరవగా ఆవిడ వినలేదు.

"దాన్ని కన్నది నేను. పో బయటికి!"

"వాకిట్లో కూర్చుంటా. ఇంటికి మాత్రం పోను."

ఆవిడ కోపంగా తలుపేసుకుని, కూతుర్ని స్నానాల దడి వెనక్కి నడిపించింది. పొగలు కక్కే నీళ్లలో వేపరొట్ట ముంచి వీపు మీద కొట్టింది. ఎప్పుడూ కెవ్వుమనే పిల్ల ఆరోజు అరవలేదు. మోకాళ్ల మీద కూలబడి, నోరు తెరిచి గాలి కోసం గిలగిల్లాడింది. పెదాలు నల్లబడ్డాయి.

"రకియా!"

వాకిట్లో సనూసీ, చూడవచ్చిన ఆడవాళ్లూ ఉలిక్కిపడి లేచారు. వాళ్లలో తొలిచూలు బిడ్డని పేరు పెట్టి పిలవడం తల్లికి సిగ్గు. పుట్టిన దగ్గర్నుంచీ 'ఏమే', 'ఇదిగో' తప్ప ఆ పేరు లరాబా నోట ఎవరూ వినలేదు. సనూసి ఇక అనుమతి కోసం చూడలేదు. దడి తోసుకుని వచ్చి భార్యని ఎత్తుకున్నాడు. పసిపిల్లని ఆడవాళ్లకి అప్పజెప్పి, కూతురి మీద దుప్పటి కప్పుతూ, "పద నాయనా, పద" అని లరాబాయే ముందు పరుగెత్తింది.

ఆస్పత్రిలో డాక్టర్ మైరో స్కానింగ్ చేసి, రకియాకి ఆక్సిజన్ పెట్టి బయటికొచ్చింది.

"గుండె సాగిపోయి బలం తగ్గింది. రక్తాన్ని నెట్టలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కాన్పు సమయంలో కొందరికి ఇలా అవుతుంది."

"ఉప్పు గంజి పోశాను, నిప్పుల సెగ పెట్టాను. నేను చేసిందేనా తల్లీ?" అడిగింది లరాబా.

"జబ్బు మీవల్లే వచ్చిందని చెప్పలేను. కానీ ఆ ఉప్పుకి ఒంట్లో నీరు నిలిచిపోతుంది. ఆ సెగకి అలిసిన గుండె ఇంకా అలిసిపోతుంది. రెండూ ఆపేయండి."

"బతుకుతుందా?"

"మందులు మొదలెట్టాం. కొందరికి కొన్ని నెలల్లో గుండె కోలుకుంటుంది, కొందరికి కోలుకోదు. మళ్లీ మళ్లీ పరీక్ష చేసి చూడాల్సిందే. మేం చెప్పేదాకా ఇంకో కాన్పు మాట ఎత్తకండి. ప్రాణం మీదికొస్తుంది."

సనూసి బల్ల మీద కూలబడ్డాడు. లరాబా వెళ్లి పక్కనే కూర్చుంది. అత్తా అల్లుడూ ఒకే బల్ల మీద కూర్చుంటే దారిన పోయేవాళ్లు వింతగా చూశారు.

"పొమ్మన్నా పోలేదు నువ్వు. పోయుంటే..." అంది లరాబా.

"నేను అలా అరిచి ఉండకూడదత్తా."

"ఇంకా ముందే అరవాల్సింది. రెండో బిడ్డ ఎప్పుడని మీ అమ్మ అడిగినా, ఊరంతా అడిగినా నా దగ్గరికి పంపు. సమాధానం నేను చెప్తా."

లోపల రకియా దిండ్ల మీద కూడా నిలవలేక పక్కకి జారిపోతోంది. లరాబా మంచమెక్కి, కూతురి వెనక కూర్చుని తన రొమ్ముకి ఆనించుకుంది.

"బరువుగా ఉన్నానా అమ్మా?"

"నోరు మూసుకుని ఊపిరి పీల్చుకో."

కూతురి వీపులోంచి ఆ గుండె తన ఛాతీకి తగులుతోంది, తరుముకొస్తే పరుగెత్తే మేకపిల్లలా. కాస్త నెమ్మదిస్తే బాగుండుననిపించింది. నెమ్మదించగానే ఆగిపోతుందేమోనని రెండు చేతులతో ఇంకా గట్టిగా పట్టుకుంది.