మేతవేళ ఆగని హోరు

గణేష్‌బాబు శవం భీమవరం శివార్లలో రొయ్యల చెరువులో తేలింది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ వైరు తగిలి పోయాడని ఊరంతా నమ్మింది. ఏజెంట్ యుగంధర్ నమ్మలేదు. చెరువుగట్ల మీద పెరిగిన గణేష్‌బాబు తడిచేత్తో వైరు ముట్టుకునే రకమా? ఛ! తనతోపాటు అదే గట్ల మీద ఆడుకున్నవాడు.

ఫోన్‌లో చీఫ్ గొంతు పొడిగా పలికింది.

"గణేష్‌బాబు పనిచేసిన ఆ గట్టు పక్క ల్యాబ్‌లో నేవీ సెన్సర్‌కి రీడింగులు సరిచూసే కాలిబ్రేషన్ జరుగుతోంది. సముద్రంలో మైన్లు పట్టేది అదే. రీడింగుల్లో ఎలక్ట్రికల్ నాయిస్ వస్తోంది. ఏరియేటర్ మోటార్ల వల్లేనని, సెన్సర్ ఆ నాయిస్‌ని పట్టించుకోకుండా ఈ సాయంత్రం సెట్టింగ్ లాక్ చేస్తారట."

"అది మోటార్లది కాకపోతే సార్?"

"అయితే ఎవరో కావాలనే పుట్టిస్తున్నట్టు. శత్రువు మైన్ అదే సిగ్నల్ ఇస్తుంది. సెన్సర్ గమ్మునుంటుంది. రేపు దాంతో బయల్దేరే షిప్‌లో మీ తమ్ముడున్నాడు, యుగంధర్."

యుగంధర్ ఫోన్ పెట్టేశాడు. గంటలో ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్ గేటు ముందున్నాడు. సంచిలో స్పానర్లు, జేబులో పాత పాకెట్ రేడియో. ఎక్కడ నాయిస్ పుడితే అక్కడ గుర్రుమంటుంది.

లోపలున్న మన మనిషి హారతి ఎదురొచ్చింది. నరసాపురం లేసు అంచు తెల్లచీర, మతిపోగొట్టే నవ్వు.

"ఏసీ కారుతోందాండీ?" కోడ్ చెప్పాడు.

"కారట్లేదండి, ఏడుస్తోంది."

కోడ్ కలిసింది. లోపల సెన్సర్ పని చూసే సైంటిస్ట్ డాక్టర్ ఉదయభాస్కర్ తల పట్టుకుని కూర్చున్నాడు. "చుట్టూ ఇన్ని మోటార్లు పెట్టుకుని మైక్రోవోల్టులు కొలవమంటే ఎలాగండీ? లాక్ చేసేస్తాను, పీడా పోతుంది."

యుగంధర్ ఏసీ ఆపి కిటికీ తెరిచాడు. మోటార్ల రొద లోపలికొచ్చింది. అంతలో గట్టు మీంచి రైతు పల్లంరాజు కేక: "మేత వేళయింది, మోటార్లు కట్టెయ్యండ్రా!"

మోటార్లు తిరుగుతుంటే మేత కొట్టుకుపోతుంది. అందుకే మేత చల్లేటప్పుడు ఆపుతారు. చెరువులన్నీ ఒక్కొక్కటే సద్దుమణిగాయి. తలుపులు బిగించిన ఏసీ గదిలో ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరికి తెలుస్తుంది?

స్క్రీన్ మీద నాయిస్ మాత్రం ఇసుమంత తగ్గలేదు. అంటే అది మోటార్లది కాదు. యుగంధర్ రేడియో పట్టుకుని గదంతా నడిచాడు. డాక్టర్ టేబుల్ ల్యాంపు దగ్గర అది గుర్రుమని అరిచింది.

"ఈ ల్యాంపు ఎక్కడిదండీ?"

"హారతి గారిచ్చారండి. కళ్లు పాడవుతాయని..."

వెనక తలుపు గడియ పడింది. హారతి చేతిలో పిస్టల్.

"గణేష్‌బాబు గారూ ఇలాగే కిటికీ తీశారండి," అంది అదే నవ్వుతో. "లాక్ నొక్కండి, డాక్టర్ గారూ."

ఉదయభాస్కర్ వేలు బటన్ మీదికి దిగుతోంది. యుగంధర్‌కి తమ్ముడి మొహం కళ్లముందు మెదిలింది. ల్యాంపు ప్లగ్గుని కాలితో ఒక్క తాపు తన్నాడు. స్క్రీన్ మీద గీత తిన్నగా సాగింది. హారతి చూపు అటు తిరిగిన ఆ క్షణంలో స్పానర్ల సంచి ఆమె మణికట్టుకి తగిలింది. పిస్టల్ పేలి తూటా ఏసీలో దిగింది. యుగంధర్ ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

డాక్టర్ వేలు బటన్‌కి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయి ఉంది.

బయట మళ్లీ మోటార్లు మొదలయ్యాయి. ఉదయభాస్కర్ చెమట తుడుచుకుంటూ చిల్లుపడ్డ ఏసీ వైపు చూశాడు. "మరి ఇదండీ?"

"ఇప్పుడు నిజంగానే పాడైందండి. ఎవరైనా మెకానిక్‌ని పిలిపించుకోండి."