రాడ్డు బోల్టులకి పెట్టిన బొట్టు

పాతపోస్టాఫీసు దగ్గర మా కార్ల రిపేరు షెడ్డులో ఒక ఆచారం ఉంది. ఇంజను మూసే ముందు ఇంటి ఆడపడుచు లోపలి కనెక్టింగ్ రాడ్ల బోల్టులకి బొట్టు పెట్టాలి. మా నాన్నగారు పెట్టిన ఆచారం. కనెక్టింగ్ రాడ్డంటే పిస్టన్ని కింది ఇరుసుతో కలిపే ఉక్కు చెయ్యి. రాడ్లు నాలుగు, రాడ్డుకి రెండు బోల్టులు. బురుజుపేట అమ్మవారి కుంకుమ తడిపి ఎనిమిదింటికీ నేనే అద్దుతాను.

పన్నెండేళ్ల కిందట మా అన్న అర్జునరావు స్పోర్ట్స్ కారుకీ అలాగే అద్దాను. అద్దుతూ చూశాను. బోల్టులు పాతవి. రాడ్డు బోల్టు ఒకసారి బిగిస్తే సాగిపోతుంది, రెండోసారి వాడకూడదు. మా ఇంట్లో పిల్లలకి కూడా తెలిసిన సంగతే. కొత్తవి రావడానికి వారం పడుతుందట. అన్నకేమో ఆదివారం భీమిలి రోడ్డు మీద బండి కావాలి.

"బావకి సెప్పకే. కొత్తవొచ్చాక మార్సేత్తాను," అన్నారు ఇంజను బిగిస్తున్న మా ఆయన ఎల్లారావు.

బొట్టు పెట్టి నోరు మూసుకున్నాను.

ఆదివారం బోల్టు తెగింది. రాడ్డు ఇంజను గోడ చీల్చుకుని బయటికొచ్చింది. నూనె చక్రాల కింద పడి బండి రాళ్ల మీదికి జారింది. అన్న మిగల్లేదు. అందరూ స్పీడన్నారు. మేమూ స్పీడే అన్నాం. ఏటా తద్దినం నాడు పిల్లలకి అన్న కబుర్లు చెప్పేది నేనే. ఆ ఒక్క ముక్క తప్ప.

మొన్నీమధ్య అన్న కూతురు అనూరాధ వచ్చింది, షెడ్డులో పడున్న నాన్న బండి బాగుచేయించి నడపాలని. పగిలిన ఇంజను బ్లాకు బదులు మా ఆయన వేరేది తెచ్చారు. రాడ్లు కొత్తవి, బోల్టులు కొత్తవి. ఈసారి నేను రెండుసార్లు చూశాను.

మధ్యాహ్నం మూడింటికి బొట్టు పెడుతుంటే వాన పట్టుకుంది. కరెంటు పోయింది. షెడ్డులో చీకటి, గ్రీజు వాసన, రేకుల మీద చినుకుల మోత.

"అత్తా, కుంకుమెక్కువెడితే మైలేజీ పెరుగుద్దా?" అని నవ్వింది అనూరాధ. నవ్వాపి అడిగింది. "నాన్న ఇంజనెందుకు పగిలింది? మావయ్యనడిగితే లేసెల్లిపోతన్నాడు."

"దేవుడి రాత తల్లీ."

టక్.

స్టాండు మీద బ్లాకు ఖాళీగా ఉంది. రాడ్లు బల్ల మీద, నా చేతి కిందే ఉన్నాయి. అయినా... టక్... టక్. బోల్టు వదులై రాడ్డు కొట్టుకునే చప్పుడు.

"ఏటత్తా, అలా సూత్తన్నావ్?"

దానికి వినపడలేదు. బ్లాకులో పిస్టను ఆడే ఖాళీ గొట్టంలోంచి అన్న నమిలే జర్దా వాసన వచ్చింది. వాసన వెనకే గుసగుస.

"సెప్పెయ్, సెల్లీ..."

చెప్పలేదు. అప్పన్న స్వామి సాక్షిగా, చెప్పలేకపోయాను.

అన్న ఇంజనులోని పాత బోల్టులు మా ఆయన ఒక రేకు డబ్బాలో దాచారు. ఏడు తెగనివి, రెండు ముక్కలైన ఎనిమిదోది. ఆ సాయంత్రం డబ్బా పట్టుకెళ్లి జాలరిపేట ఒడ్డున సముద్రంలోకి విసిరేశాను.

"ఏటమ్మా, గంగమ్మకి మొక్కా?" అంది చేపల గంప దించుకుంటున్న కాసులమ్మ.

"అవును," అన్నాను. దేవుడి పేరున ఇంకో అబద్ధం.

మర్నాడు మా ఆయన నా కళ్ల ముందే కొత్త బోల్టులు బిగించారు. నాలుగో నాడు పొద్దున్నే బండి పట్టుకుని అనూరాధ బయల్దేరింది. ఇంజను చప్పుడు నేతిలో వేలు పెట్టినంత మెత్తగా ఉంది. తలస్నానం చేసి దేవుడి దగ్గరున్న పెద్ద ఇత్తడి కుంకుమ భరిణె తీశాను.

బరువుగా ఉంది.

లోపల ఎనిమిది బోల్టులు. కొత్తవి. ఒక్కోదాని తల మీద నేనద్దిన బొట్టు... ఇంకా తడి ఆరలేదు. చుట్టూ సముద్రపు ఇసుక.

ఇవి ఇక్కడుంటే... ఇంజనులో ఉన్నవేవి?

ఫోను మోగింది.

"అత్తా, రుషికొండ దాటేసాను! బండి ఎగిరిపోతంది. కానీ లోపలెవులో తలుపు కొడతన్నట్టు టక్ టక్ మంటంది, ఏటది?"

"ఆపెయ్ తల్లీ! అవి పాత బోల్టులు... మీ నాన్నకీ అవే వేశారు. నేను చూశాను. చూసి కూడా చెప్పలేదు..."

అటువైపు చప్పుడాగిపోయింది. గాలి హోరు కూడా లేదు. ఫోనులోంచి జర్దా వాసన వచ్చింది.

"ఇప్పుడా, సెల్లీ?"